ఒంట్లో ఆమ్లం–క్షారం లెక్క: తిండి, నీళ్ల అలవాట్లను సరిచేసుకునే పద్ధతి

మూత్ర పరీక్ష చేయించుకుంటే ల్యాబ్ వాళ్లిచ్చే సీయూఈ రిపోర్టులో రంగు, స్పష్టత తర్వాత ‘రియాక్షన్: ఎసిడిక్’ అనో, ‘పీహెచ్: 5.5’ అనో ఒక వరుస ఉంటుంది. పీహెచ్ అంటే ఆమ్లం–క్షారం కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. చాలామంది ఆ వరుస దగ్గరే ఆగిపోతారు. ఒంట్లో యాసిడ్ పెరిగిపోయిందని కంగారుపడి చింతపండు మానేస్తారు, పరగడుపున వంటసోడా నీళ్లు తాగుతారు, వేలకు వేలు పోసి ఆల్కలైన్ (క్షార) వాటర్ మెషీన్ కొంటారు. నిజానికి ఆ వరుసలో భయపడాల్సిందేమీ లేదు. ఒంట్లో తయారైన యాసిడ్‌ను కిడ్నీలు బయటకు పంపిస్తున్నాయి, అది మూత్రంలో కనబడుతోంది, అంతే.

తిండితో, నీళ్లతో రక్తం పీహెచ్‌ను మార్చలేం, మార్చాల్సిన అవసరమూ లేదు. కానీ మూత్రం, కడుపు, పళ్లు, కిడ్నీల మీద పడే బరువు, ఈ నాలుగూ మాత్రం మన అలవాట్ల చేతిలో ఉన్నాయి. శ్రద్ధ, డబ్బు రెండూ అక్కడ పెట్టాలి. ఎలా పెట్టాలో వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: ఎక్కడి యాసిడ్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

‘నాకు ఎసిడిటీ ఉంది’ అనే మాటకు నాలుగు రకాల అర్థాలున్నాయి. వాటిని కలిపేయడం వల్లే సగం గందరగోళం.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. అంటే కాస్త క్షారం వైపు. 6.8 కంటే దిగినా, 7.8 దాటినా ప్రాణం నిలవడం కష్టం. అందుకే శరీరం దీన్ని మూడంచెల్లో కాపాడుకుంటుంది. రక్తంలో ఉండే బైకార్బనేట్ క్షణాల్లో యాసిడ్‌ను పట్టేస్తుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు ఊది నిమిషాల్లో సర్దుతాయి. మిగిలినదాన్ని కిడ్నీలు గంటల్లో, రోజుల్లో మూత్రం ద్వారా వదిలించుకుంటాయి. ఊపిరి శక్తి ఎంతో తెలియాలంటే, బాగా టెన్షన్ పడి గబగబా ఊపిరి తీసినవాళ్లకు మూతి చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లెక్కడం గుర్తు చేసుకోండి. రక్తం కొద్ది నిమిషాల్లోనే క్షారం వైపు జరగడం వల్ల వచ్చే తిమ్మిర్లవి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఏ కూరా, ఏ పండూ అంత మార్పు తేలేవు.

కడుపు పీహెచ్ 1.5 నుంచి 3.5. అక్కడ యాసిడ్ ఉండాల్సిందే. అది లేకపోతే మాంసకృత్తులు సరిగా అరగవు, తిండితో వచ్చే క్రిములు చావవు. యాసిడ్ కడుపులో ఉన్నంతవరకూ మంచిదే, పైకి అన్నవాహికలోకి ఎగదన్నితేనే మంట.

మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పొద్దున ఒకలా, భోజనం తర్వాత ఇంకోలా ఉంటుంది. తిండి ప్రభావం నేరుగా కనబడేది ఇక్కడే.

నాలుగోది నోరు. పళ్ల మీది ఎనామిల్ దాదాపు 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలవుతుంది.

ఇకపై ఎవరైనా ‘ఇది తింటే యాసిడ్, అది తింటే ఆల్కలైన్’ అంటే ‘ఎక్కడ?’ అని అడగండి. క్యాన్సర్ యాసిడ్ ఒంట్లోనే పెరుగుతుందని కనిపెట్టినందుకు జర్మన్ శాస్త్రవేత్త ఒటో వార్బర్గ్‌కు నోబెల్ వచ్చిందంటూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. 1931లో ఆయనకు నోబెల్ వచ్చిన మాట నిజమే. అది కణాల శ్వాసక్రియలో పనిచేసే ఎంజైమ్ మీద చేసిన పరిశోధనకు. ఆల్కలైన్ తిండితో క్యాన్సర్ పోతుందని ఆయన నిరూపించలేదు. ఆ మెసేజ్ నమ్మి చికిత్స వాయిదా వేసుకునేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే దయచేసి కూర్చోబెట్టి చెప్పండి.

రెండో మెట్టు: రిపోర్టును సరిగా చదవండి

సీయూఈలో పీహెచ్‌తో పాటు స్పెసిఫిక్ గ్రావిటీ అని ఇంకో వరుస ఉంటుంది. సాధారణంగా 1.005 నుంచి 1.030 మధ్య ఉంటుంది. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె అది. పొద్దున మొదటి మూత్రంలో 1.020 దాటితే ఆశ్చర్యం లేదు, రాత్రంతా నీళ్లు తాగలేదు కదా. మధ్యాహ్నం ఇచ్చిన శాంపిల్‌లో కూడా 1.025, 1.030 చూపిస్తుంటే మాత్రం మీరు తాగే నీళ్లు చాలడం లేదనుకోవచ్చు. ఈ రెండు వరుసలూ కలిపి చదివితేనే అర్థం.

పీహెచ్ 5, 5.5 ఒక్కసారి కనబడితే ఏమీ కాదు. కిడ్నీలో రాయి వచ్చినవాళ్లకు, యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లకు ప్రతిసారీ 5.5 కంటే తక్కువే వస్తుంటే డాక్టర్‌తో మాట్లాడాలి. అంత ఆమ్లంలో యూరిక్ యాసిడ్ కరగక రాళ్లు కడుతుంది.

‘ఆల్కలైన్ అంటే మంచిది’ అనుకునేవాళ్లు గమనించాల్సింది ఇంకోటుంది. మూత్రం పీహెచ్ పదేపదే 8 దగ్గర ఉండడం మంచి సంకేతం కాదు. యూరియాను విరగ్గొట్టే కొన్ని బ్యాక్టీరియాలు మూత్రనాళంలో చేరితే పీహెచ్ అలా పెరుగుతుంది. అలాంటి ఇన్ఫెక్షన్‌తో వేరే రకం రాళ్లు పెద్ద పెద్దవి పెరుగుతాయి. కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు కూడా క్షార మూత్రంలోనే కడతాయి.

రక్తంలో ఆమ్లం సంగతి తెలియాలంటే మూత్రం చూసి లాభం లేదు. రక్తపరీక్షలో బైకార్బనేట్ చూడాలి. 22 నుంచి 28 మధ్య ఉంటే మామూలు. అది అందరికీ అవసరమైన పరీక్ష కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం) పెరిగినవాళ్లకు డాక్టరే రాస్తారు.

మూడో మెట్టు: నీళ్ల లెక్క మీ ఇంట్లోనే తేల్చుకోండి

రోజుకు ఇన్ని గ్లాసులని అందరికీ ఒకే అంకె చెప్పడం నాకు నచ్చదు. ఏసీ గదిలో కూర్చునే మనిషికీ, మే నెలలో రామగుండంలో ఎండలో పనిచేసే మనిషికీ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? తాగింది కాకుండా బయటకు వచ్చింది కొలవడం మెరుగైన పద్ధతి.

ఒక సెలవు రోజు ఎంచుకోండి. ఖాళీ లీటరు బాటిల్ పైభాగం కోసి, 250 మి.లీ. చొప్పున మార్కర్‌తో గీతలు గీయండి. పొద్దున లేచాక వచ్చే మొదటి మూత్రాన్ని వదిలేసి, ఆ తర్వాత నుంచి మర్నాడు పొద్దున మొదటి మూత్రం దాకా ప్రతిసారీ కొలిచి రాసుకోండి. మొత్తం లీటరున్నర నుంచి రెండు లీటర్లు వస్తే మీ నీళ్లు సరిపోతున్నాయి. లీటరు లోపే ఉంటే పెంచుకోవాలి. ఇంతకుముందు రాయి వచ్చినవాళ్ల లక్ష్యం రెండున్నర లీటర్లు. ఒక్కసారి ఇలా కొలిస్తే మీ రోజు ఎలా ఉంటే ఎంత వస్తుందో అంచనా దొరుకుతుంది. తర్వాత రంగు చూసుకుంటే చాలు. లేత గడ్డి రంగు ఉంటే బాగున్నట్టు, ముదురు పసుపు ఉంటే నీళ్లు తక్కువైనట్టు. బీ–కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్లకు మూత్రం ఎలాగూ పచ్చగా వస్తుంది, వాళ్లు రంగును నమ్మకూడదు.

ఈ కొలతకు ఎంత విలువుందో ఇటలీలో బోర్గి బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం చూపిస్తుంది. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించారు. రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవాళ్లలో 12 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. అలా తాగమని చెప్పనివాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. మందూ లేదు, మాత్రా లేదు. కేవలం నీళ్లు.

తాగే పద్ధతి కూడా ముఖ్యమే. ఒకేసారి లీటరు గటగటా తాగేస్తే గంటలో రంగులేని మూత్రంగా పోతుంది, మధ్యాహ్నానికి మళ్లీ చిక్కబడుతుంది. రోజంతా విడగొట్టుకోండి. లేవగానే రెండు గ్లాసులు, టిఫినుకూ భోజనానికీ మధ్య రెండు, భోజనంతో ఒకటి, సాయంత్రం లోపు మూడు, రాత్రి భోజనంతో ఒకటి, పడుకునే ముందు ఒకటి. గ్లాసు 250 మి.లీ. అనుకుంటే రెండున్నర లీటర్లు. మజ్జిగ, చారు, రాగి అంబలి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రాళ్లున్నవాళ్లు పడుకునే ముందు గ్లాసును మానకూడదు, మూత్రం బాగా చిక్కబడేది రాత్రిపూటే. ఎండలో పనిచేసేవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి. అయితే గంటకు లీటరున్నర దాటకూడదు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ దాకా వెళుతుంది.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, బందోబస్తు డ్యూటీలో ఉండే కానిస్టేబుళ్లు, సరైన బాత్రూమ్ లేని బడుల్లో టీచర్లు, పిల్లలు కావాలనే నీళ్లు తాగరు. తాగితే ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్ల సమస్య. ఇది అలవాటు తప్పు కాదు, వసతి లేకపోవడం. అలాంటి చోట పనిచేసేవాళ్లు కనీసం ఇంటి దగ్గర బయల్దేరడానికి గంట ముందు రెండు గ్లాసులు, ఇంటికొచ్చాక రాత్రి దాకా లీటరు తాగడం అలవాటు చేసుకోవాలి. యజమానులు, హెడ్మాస్టర్లు ఇది చదువుతుంటే, మీ దగ్గర పనిచేసేవాళ్ల కిడ్నీలకు మీరు చేయగలిగిన మేలు ఒక శుభ్రమైన బాత్రూమ్.

ఇక ఆల్కలైన్ వాటర్. పీహెచ్ 9 ఉన్న లీటరు నీళ్లలో క్షారం ఎంతుంటుందో కాగితం మీద లెక్కేయండి. పీహెచ్ ఒక్క అంకె మారితే బలం పది రెట్లు మారుతుంది. పీహెచ్ 9 నీళ్లలో ఉండే క్షారం లీటరుకు 0.01 మిల్లీమోల్ (పదార్థం ఎంతుందో చెప్పే రసాయన కొలత). పీహెచ్ 2 ఉన్న కడుపు రసంలో ఉండే ఆమ్లం లీటరుకు 10 మిల్లీమోల్స్. అంటే లవణాలు పెద్దగా లేని లీటరు ఆల్కలైన్ నీళ్లు విరగ్గొట్టగలిగేది ఒక్క మిల్లీలీటరు కడుపు రసాన్ని. కడుపు రోజుకు లీటరుకు పైగానే ఆ రసాన్ని తయారుచేస్తుంది. శుభ్రమైన మంచినీళ్లు ఏవైనా సరే, సరిపడా తాగండి. మెషీన్ డబ్బులు కూరగాయలకు పెట్టండి.

నాలుగో మెట్టు: పళ్లెంలో బరువు ఎటు ఉందో చూసుకోండి

పులుపు రుచికీ, శరీరంలో మిగిలే యాసిడ్‌కూ సంబంధం లేదు. నిమ్మరసంలోని సిట్రిక్ యాసిడ్‌ను శరీరం ఇంధనంలా వాడేసుకుంటుంది. దాంతోపాటు ఉన్న పొటాషియం లవణాలు చివరికి బైకార్బనేట్‌గా మారతాయి. పుల్లగా ఏమాత్రం లేని మాంసం, గుడ్డు, చేపల్లో గంధకం ఉన్న అమైనో యాసిడ్లుంటాయి. అవి అరిగాక సల్ఫ్యూరిక్ యాసిడ్‌ మిగులుతుంది. మాంసాహారం ఎక్కువగా ఉండే భోజనంలో ఇలా మిగిలే యాసిడ్ రోజుకు ఒంటి బరువులో కిలోకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ (ఆమ్లం, క్షారం లెక్కగట్టే కొలత) దాకా ఉంటుంది. 60 కిలోల మనిషి కిడ్నీలు రోజుకు దాదాపు 60 మోసుకెళ్లి బయట పడేయాలన్నమాట.

ఏ పదార్థం కిడ్నీలకు ఎంత యాసిడ్ ఇస్తుందో జర్మనీకి చెందిన రెమెర్, మాంజ్ 1995లో ఒక పట్టికలో లెక్కగట్టారు. అదే కొలతలో వంద గ్రాములకు చికెన్ 8.7, గుడ్డు 8.2, పల్లీలు 8.3, వండిన తెల్లన్నం 1.7, పెరుగు 1.5. ఇవన్నీ యాసిడ్ వైపు. టమాటా మైనస్ 3.1, బంగాళాదుంప మైనస్ 4, అరటిపండు మైనస్ 5.5, పాలకూర మైనస్ 14. ఇవి క్షారం వైపు.

ఒక ఆదివారం భోజనాన్ని ఈ లెక్కలో పెట్టి చూద్దాం. 200 గ్రాముల చికెన్ అంటే 17.4. 300 గ్రాముల అన్నం అంటే 5.1. మొత్తం 22.5. పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క తప్ప కూరగాయ లేదు. అదే భోజనంలో చికెన్ 100 గ్రాములకు తగ్గించి, 100 గ్రాముల పాలకూరతో పప్పు చేసుకుని, చివర్లో ఒక అరటిపండు తింటే లెక్క దాదాపు సున్నాకు వస్తుంది. చికెన్ మానేయక్కర్లేదు, పక్కన ఏముందన్నది చూసుకుంటే చాలు. ప్రతి భోజనమూ సున్నాకు రావాలని కూడా లేదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఈ బరువును తేలిగ్గా మోస్తాయి. వారంలో ఎక్కువ రోజులు కూరగాయలు పుష్కలంగా ఉంటే చాలు.

ఎంత తినాలన్నదానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఇచ్చిన కొలత ఉంది. 2000 కేలరీల భోజనంలో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. మన ఇళ్లలో నలుగురికి అరకిలో బెండకాయలు తెచ్చి రెండు పూటలా సర్దేస్తాం. అంటే తలకు 125 గ్రాములు. లోటు ఎక్కడుందో ఇక్కడే తెలుస్తోంది. కొనే కూరగాయలు రెట్టింపు చేయడం, అన్నం గరిటె తగ్గించి కూర గరిటె పెంచడం, సాయంత్రం మిక్చర్ బదులు జామకాయ తినడం, ఈ మూడూ చేస్తే పెద్ద తేడా వస్తుంది.

పళ్లెంలో ఇంకో గుట్టు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటోంది. ఉప్పు పెరిగేకొద్దీ మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది, రాళ్లకు సరుకు దొరుకుతుంది. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడం, ఊరమిరప ఒకే పూట పెట్టుకోకుండా ఏదో ఒకటి ఎంచుకోండి. మజ్జిగలో కూడా ఉప్పు చిటికెడే.

వంటసోడా సంగతి తేల్చేద్దాం. ఒక టీస్పూన్ వంటసోడాలో దాదాపు 1.2 గ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పు లెక్కలో మూడు గ్రాములు. బీపీ ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ‘క్షారం కోసం’ రోజూ తాగితే ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ పెరుగుతుంది. కిడ్నీ రోగులకు డాక్టర్లు సోడా బైకార్బ్ (వంటసోడాలో ఉండేదే) మాత్రలు రాస్తారు నిజమే. కానీ అది రక్తపరీక్షలు చూసి, మోతాదు కట్టి ఇచ్చే మందు.

ఐదో మెట్టు: రాయి వచ్చినవాళ్లు అదనంగా చేయాల్సినవి

ముందు ఏ రకం రాయో తెలుసుకోండి. రాయి పడిపోతే పారేయకండి, చిన్న డబ్బాలో వేసి డాక్టర్‌కిచ్చి అనాలసిస్‌కు పంపమనండి. యూరిక్ యాసిడ్ రాయి అయితే మూత్రాన్ని 6 నుంచి 6.5 దగ్గర ఉంచితే కొత్తవి రావడం తగ్గుతుంది. పాతవి కరిగించడానికి కూడా డాక్టర్లు మందులతో పీహెచ్ పెంచుతారు. కాల్షియం ఫాస్ఫేట్ రాయి అయితే పీహెచ్ పెంచడమే ప్రమాదం. రకం తెలియకుండా ‘ఆల్కలైజర్’ సిరప్‌లు సొంతంగా తాగకూడదనేది ఇందుకే.

మనలో ఎక్కువ కనబడేది కాల్షియం ఆక్సలేట్ రాయి. ‘కాల్షియం రాయి కదా, పాలు పెరుగు మానేయ్’ అని చెప్పేవాళ్లు ఊరికొకరుంటారు. అది తప్పు సలహా. అదే బోర్గి బృందం 2002లో 120 మంది మీద చేసిన ఇంకో అధ్యయనంలో, కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది. కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటకు పంపేస్తుంది, రక్తంలోకి చేరనివ్వదు.

కాబట్టి ఆక్సలేట్ ఎక్కువగా ఉండే పాలకూర, చుక్కకూర, తోటకూర లాంటివి వండే పద్ధతి మార్చుకోండి. ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, తర్వాత పప్పులో వేయండి. ఆక్సలేట్ చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. అదే పూట పెరుగన్నం తినండి. పాలకూర పప్పు మధ్యాహ్నం తిని, పెరుగు రాత్రికి దాచుకుంటే ఆ ప్రయోజనం రాదు. రెండూ ఒకేసారి పేగులో ఉండాలి.

నిమ్మరసంలోని సిట్రేట్ కాల్షియంను పట్టుకుని స్ఫటికాలు కట్టకుండా ఆపుతుంది. అధ్యయనాల్లో వాడిన మోతాదు రెండు లీటర్ల నీళ్లలో 120 మి.లీ. నిమ్మరసం. మన నిమ్మకాయలైతే నాలుగైదు పిండాలి. రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. చక్కెర వద్దు, ఉప్పు వద్దు. బండి దగ్గర ఉప్పు దట్టించిన లెమన్ సోడాతో ఈ పని జరగదు. మాటిమాటికీ రాళ్లు వచ్చేవాళ్లకు నిమ్మరసం ఒక్కటే చాలదు, డాక్టర్ రాసే పొటాషియం సిట్రేట్‌కు ఇంతకంటే బలం ఎక్కువ.

ఆరో మెట్టు: కడుపు మంటకు వేరే దారి

గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, గొంతులోకి ఎగదన్నడం వంటివాటికి పై లెక్కలేవీ వర్తించవు. ఇక్కడ ఎంత తిన్నాం, ఎప్పుడు పడుకున్నాం అన్నవి ముఖ్యం. రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని పదకొండుకు పడుకుంటే కడుపులోది పైకి రాక మానదు. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు అది కుదరకపోతే రాత్రి పూట ఇడ్లీ, పెరుగన్నం లాంటివి తక్కువగా తిని, పెద్ద భోజనం పగటికి మార్చుకోండి. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర ఒంగి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. పొట్ట తగ్గితే మంట తగ్గుతుంది, సిగరెట్, మద్యం మానితే ఇంకా తగ్గుతుంది.

చింతపండు, మిరపకారం, కాఫీ, వేపుళ్లు అందరికీ ఒకేలా పడవు. రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు మంట వచ్చిందో చిన్న పుస్తకంలో రాసుకుంటే మీకు పడనిది బయటపడుతుంది. దాన్నే తగ్గించండి, అన్నీ మానేసి నోరు కట్టేసుకోవద్దు. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత కడుపు ఇంకా యాసిడ్ తయారుచేస్తుంది. గ్యాస్ మాత్ర పరగడుపున వేసుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంటే ఒకసారి డాక్టర్‌ను కలవండి. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా వెంటనే కలవాలి.

ఇంకొక్క మాట, ఇది ప్రాణాల సంగతి. ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని ఈనో తాగి కూర్చోవద్దు. ఈసీజీ తీయించండి.

పళ్ల గురించి క్లుప్తంగా. కూల్‌డ్రింకుల్లో కోలా పీహెచ్ దాదాపు 2.5, నిమ్మరసానిది రెండున్నర లోపే. నిమ్మనీళ్లు రోజూ తాగేవాళ్లు నోట్లో పుక్కిలిస్తూ కూర్చోకుండా తాగేసి, వెంటనే మామూలు నీళ్లతో నోరు కడుక్కోవాలి. అరగంట దాకా బ్రష్ చేయకూడదు.

ఏడో మెట్టు: విరేచనాలప్పుడు ఓఆర్ఎస్

నీళ్లు, ఆమ్లం రెండూ ఒకేసారి అదుపు తప్పేది నీళ్ల విరేచనాలప్పుడే. మలంతో బైకార్బనేట్ పోతుంది కాబట్టి రక్తం నిజంగానే ఆమ్లం వైపు జరుగుతుంది. వాంతులైతే దీనికి విరుద్ధం, కడుపు యాసిడ్ పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఆ సిట్రేటే శరీరంలో బైకార్బనేట్‌గా మారి యాసిడ్‌ను సర్దుతుంది. గ్లూకోజ్ శక్తి కోసం కాదు, పేగులోంచి సోడియంను, దాని వెంట నీళ్లను లోపలికి లాక్కురావడానికి.

ప్యాకెట్ తిప్పి చూసి ఈ నాలుగు పేర్లూ, 20.5 గ్రాములు, లీటరుకు అన్న మాటలూ ఉన్నాయో లేదో చూసుకోండి. మొత్తం ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపండి, 24 గంటల్లో వాడేయండి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50–100 మి.లీ., పెద్ద పిల్లలకు 100–200 మి.లీ., చెంచాతో నెమ్మదిగా పట్టించాలి.

ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర దట్టించిన డ్రింకులు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఎంతోమంది తల్లుల తరఫున ఆమె చేసిన పని అది. అయినా షాపులో ఏదిస్తే అది తీసుకోకుండా లేబుల్ చదవండి.

ఎనిమిదో మెట్టు: ఈ సలహాలు ఎవరికి వర్తించవు

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పైన చెప్పినదంతా తమకే అనుకోకూడదు. కిడ్నీలు దెబ్బతింటే యాసిడ్ బయటకు పోదు, రక్తంలో బైకార్బనేట్ 22 కంటే తగ్గుతుంది. అప్పుడు కూరగాయలు, పండ్లు మందులాగే పనిచేస్తాయని తేలింది. కానీ అదే జబ్బులో పొటాషియం కూడా బయటకు పోదు. కొబ్బరినీళ్లలో వంద మి.లీ.కు 200–250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ముదిరిన మనిషి ‘ఒంటికి చలవ’ అని రెండు బోండాలు తాగితే గుండె లయ తప్పవచ్చు. నీళ్లు కూడా డాక్టర్ చెప్పిన కొలతే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని తేలలేదు. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం అనుమానిస్తున్న కారణాల్లో ఉన్నాయి. ఆ ప్రాంతంవాళ్లు, అక్కణ్నుంచి వలస వెళ్లి పనిచేస్తున్నవాళ్లు ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూపించుకోవాలి. నొప్పుల మాత్రలు సొంతంగా కొని వాడకూడదు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీకి చేసే హాని ఎక్కువ.

రెండో వర్గం షుగర్ ఉన్నవాళ్లు. ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) పేరుకుంటే రక్తం నిజంగానే ఆమ్లమైపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో షుగర్ 200 దగ్గరే ఉన్నా ఇది రావచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు. ఈ మాత్రలు వేసుకుంటూ అన్నం, చపాతీ పూర్తిగా మానేసే కొవ్వు డైట్లు, కటిక ఉపవాసాలు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సయించని రోజున డాక్టర్‌కు ఫోన్ చేసి ఈ మాత్రలు, మెట్‌ఫార్మిన్ ఆపాలా అని అడగండి. ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని మాత్రం సొంతంగా ఆపొద్దు. వాంతులు ఆగకపోవడం, కడుపునొప్పి, ఊపిరి లోతుగా గబగబా తీయడం, నోట్లోంచి మగ్గిన పండు వాసన, మత్తుగా ఉండడం, వీటిలో ఏవి కనబడినా గ్లూకోమీటర్‌లో అంకె ఎంతున్నా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, ఏ మాత్రలు వాడుతున్నారో చీటీతో సహా చూపించి, కీటోన్లు పరీక్ష చేయమని అడగండి.